అమ్మమ్మ ట్రంకు పెట్టెలో గాజు కళ్ల నక్క: దీన్ని ఎలా కాపాడుకోవాలి?

అయ్యకోనేరు గట్టు (విజయనగరం)

అందరికీ నమస్కారం. బట్టల గురించి, పాత వస్తువుల గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను.

మొన్న సిరిమాను పండక్కి మా అమ్మమ్మ పోయి ఏడాది అయింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పట్టుచీరలు పిన్ని తీసుకుంది, ఇత్తడి బిందెలు మామయ్య వాళ్లింటికి వెళ్లాయి. నేను నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నది ఒక్కటే. నక్క.

బొమ్మ కాదండీ, నిజం నక్క. దొరసానులు మెడకు చుట్టుకునే బొచ్చు. తల, నాలుగు కాళ్లు, తోక అన్నీ ఉన్నాయి. ముక్కు నుంచి తోక కొసదాకా టేపుతో కొలిస్తే 41 అంగుళాలు వచ్చింది. ఒళ్లంతా నలుపు, మధ్యమధ్యలో వెండి తీగల్లా తెల్ల వెంట్రుకలు, తోక కొస తెలుపు. కళ్లు తేనె రంగు గాజువి. దవడ కింద స్ప్రింగు క్లిప్పు ఉంది. నొక్కితే నోరు తెరుచుకుంటుంది, వదిలితే తోకను కరిచి పట్టుకుంటుంది. అలా మెడ చుట్టూ జారకుండా నిలబడుతుంది. కడుపు వైపు గోధుమ రంగు సిల్కు లైనింగు వేశారు, అది రెండు చోట్ల చిరిగింది. లేబుల్ ఎక్కడా లేదు.

ఇది మా ఇంటికి ఎలా వచ్చిందంటే, అమ్మమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. కెనడా నుంచి వచ్చిన ఒక నర్సు దొరసాని గారి దగ్గర పదేళ్లు ఉంది. 1953లో ఆవిడ ఓడెక్కి ఇంటికి వెళ్లిపోయే ముందు దీన్ని అమ్మమ్మ చేతిలో పెట్టారట. "సలికి కప్పుకోమని ఇచ్చిందే. మనకి సలెక్కడే తల్లీ" అని అమ్మమ్మ నవ్వేది. ఒక్కసారి కూడా మెడకు వేసుకోలేదు. కానీ ఏటా సంక్రాంతికి బయటికి తీసి, పొడి గుడ్డతో తుడిచి, కొత్త కలరా ఉండలు వేసి మళ్లీ పెట్టెలో పెట్టేది.

ఇంకో పని కూడా చేసేది. మనవళ్లకు, మనవరాళ్లకు పరీక్ష ఉన్న పొద్దున తలంట్లు అయ్యాక, ఆ నక్కను గడప ఇవతల పరిచి తోక మీద కుడికాలు వేయించేది. నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు కదా, మా ఇంట్లో అది నిజంగా తొక్కడమే. నేను పదో తరగతికి తొక్కాను, ఇంటర్‌కి తొక్కాను, డీఎస్సీకి పెళ్లయ్యాక కూడా వచ్చి తొక్కాను. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు దీని పరిస్థితి బాగాలేదు. చేత్తో నిమిరితే వెంట్రుకలు వస్తున్నాయి. ఒక చెవి వెనక బొచ్చు పోయి తోలు కనిపిస్తోంది. కలరా ఉండల వాసన గదంతా. షాంపూతో కడగవచ్చా? మా ఆడపడుచు ఆన్‌లైన్‌లో పెట్టు, వింటేజ్ అంటే డబ్బులు బాగా ఇస్తారు అంటోంది. నాకు అమ్మాలని లేదు. ఇంట్లో ఉంచుకుంటే ఏమైనా తప్పా? అసలు ఇది ఎప్పటిది, దీని కథ ఏమిటి? మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి. అమ్మమ్మ లేదు కాబట్టి తోక తొక్కించాల్సింది నేనే. అందుకే కొంచెం టెన్షన్‌గా ఉంది.

గంటస్తంభం సెంటర్

అక్కా, మా పిల్లల బొచ్చు బొమ్మలన్నీ నేను బేబీ షాంపూ వేసి గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి మేడ మీద ఎండలో ఆరేస్తాను. కొత్తవాటిలా అవుతాయి. మీ నక్కకు కూడా అలాగే చేసి చూడండి. వాసన కూడా పోతుంది.

దాసన్నపేట దర్జీ

అమ్మా, నీళ్లు తగలనివ్వకండి. ఇంకా తడపలేదు కదా? ఇది చూడగానే మిగతా పని వదిలేసి రాస్తున్నాను. పైన చెప్పినవారు మంచి మనసుతోనే చెప్పారు, కానీ బొమ్మ బొచ్చు వేరు, ఇది వేరు. బొమ్మ బొచ్చు అక్రిలిక్ దారం, దాని అడుగున నేత గుడ్డ. మీ నక్క అడుగున ఉన్నది తోలు. ఆ రోజుల్లో బొచ్చు తోలును చాలావరకు పటిక, ఉప్పు పట్టించి పదును చేసేవారు. పటిక నీళ్లలో కరిగిపోతుంది. పటిక పోయిన తోలు ఆరేసరికి చెక్కలా బిగుసుకుపోయి, వంచితే విరుగుతుంది. ఎండలో పెడితే ఆ పని ఇంకా తొందరగా అవుతుంది.

నా గురించి చెబితే నా మాట మీద మీకు నమ్మకం కలుగుతుంది. మా నాన్న గంటస్తంభం దగ్గర దర్జీ. నేను 1986లో కెనడా వెళ్లాను. టొరంటోలో స్పడైనా అవెన్యూ అని ఒక రోడ్డు, ఒకప్పుడు కుట్టుపని వాళ్లకు, బొచ్చు వ్యాపారులకు అది పెట్టింది పేరు. అక్కడ ఒక బొచ్చు కోట్ల వర్క్‌షాపులో 21 ఏళ్లు చేశాను. మొదటి రోజు నేను కత్తెర తీస్తే మేస్త్రీ నా చేతిలోంచి లాక్కున్నాడు. బొచ్చును కత్తెరతో కోయకూడదు, వెంట్రుకలు తెగిపోతాయి. తిరగేసి తోలు వైపు నుంచి బ్లేడుతో గీత గీసినట్టు కోయాలి. కుట్టే మిషను కూడా వేరు. రెండు పళ్లేల మధ్య తోలు అంచుల్ని పట్టుకుని అంచు మీదనే కుడుతుంది. మింక్ అని ముంగిసలాంటి ఒక చిన్న జంతువు, దాని కోటు అయితే ఒక్కో తోలును అర సెంటీమీటరు వెడల్పు ఏటవాలు పేలికలుగా కోసి, కొంచెం కొంచెం జరుపుతూ మళ్లీ కుట్టేవాళ్లం. పొట్టి తోలు అలా కోటు పొడవునా సాగుతుంది. పైనుంచి చూస్తే ఒక్క కుట్టు కనిపించదు. ఆ పని నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మీలాంటి నక్కలు మా దగ్గరికి ఏటా వచ్చేవి. ముసలమ్మలు పోయాక మనవరాళ్లు తెచ్చేవారు, అచ్చం మీరు తెచ్చినట్టే.

మీ నక్క ఎప్పటిదో తేదీ చెప్పలేను కానీ కాలం చెప్పగలను. తల, కాళ్లు, తోకతో సహా భుజం మీద వేసుకోవడం 1920ల నుంచి 1940ల దాకా బాగా నడిచిన ఫ్యాషన్. యుద్ధం అయ్యాక ఆ పొడుగు బొచ్చు మోజు తగ్గిపోయి, 1950ల్లో అందరూ మింక్ శాలువల మీద పడ్డారు. మీ దొరసాని గారు 1953లో దీన్ని వదిలేసి వెళ్లారంటే నాకు అర్థమవుతోంది. అప్పటికి అది ఆవిడ ఊళ్లో పాత ఫ్యాషన్. అయినా ఆయాకు ఇవ్వడానికి ఏదో ఒకటి ఇచ్చి వెళ్లిపోలేదు. సముద్రం దాటించి, మన ఉక్కలో ఇన్నేళ్లు కాపాడుకున్నది ఇచ్చారు.

నలుపులో వెండి వెంట్రుక, తోక కొస తెలుపు అన్నారు. దాన్ని సిల్వర్ ఫాక్స్ అంటారు. అది వేరే జంతువేమీ కాదు, ఎర్ర నక్కలోనే పుట్టే ఒక రంగు. మన పొలాల్లో రాత్రి ఊళ పెట్టే నక్క వేరు, దాన్ని ఇంగ్లీషులో జాకాల్ అంటారు. మీ పెట్టెలోది దానికి చుట్టం మాత్రమే. అడవిలో వెండి రంగు నక్క దొరకడం అరుదు, అందుకే దానికి అంత ధర. 1890ల్లో కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ అనే చిన్న దీవిలో చార్లెస్ డాల్టన్, రాబర్ట్ ఔల్టన్ అనే ఇద్దరు వీటిని వైరు కంచెల మధ్య పెంచి పిల్లలు పెట్టించడం సాధించారు. చాలా ఏళ్లు ఆ కిటుకు బయటికి పొక్కనివ్వలేదు. పొక్కాక ఆ దీవిలో రైతులంతా నక్కల మీద పడ్డారు.

ఇందులో మనకు సంబంధించిన ముక్క ఒకటుంది. విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం ప్రాంతాలకు వచ్చిన బాప్టిస్టు మిషన్‌వాళ్లలో చాలామంది కెనడా తూర్పు తీరం రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. ఆ దీవి కూడా ఆ వైపుదే. మీ దొరసాని గారిది ఏ ఊరో ఇంట్లో ఎవరికైనా గుర్తుందేమో అడగండి.

ఇప్పుడు పనిలోకి వద్దాం. ముందు చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు. పాతకాలం తల ఉన్న బొచ్చుల్లో, నింపిన జంతువుల్లో పురుగు పట్టకుండా ఆర్సెనిక్ లాంటి మందులు వాడిన సందర్భాలు ఉన్నాయి. మీ దాంట్లో ఉందనడం లేదు, ఉన్నట్టే అనుకుని జాగ్రత్త పడాలి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

లైనింగు చిరిగిన చోట నుంచి తోలును చూడండి. రెండు వేళ్లతో చాలా మెల్లగా వంచండి. మెత్తగా వంగితే బతికే ఉంది. అప్పడంలా చిటపటమంటే తోలు లోపల ఎండి చచ్చిపోయింది. దాన్ని వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు, ఇంకా పాడవకుండా ఆపగలం అంతే.

తర్వాత పురుగు. వెంట్రుకల మొదట్లో బియ్యపు నూకలాంటి గూళ్లు గానీ, సన్నటి రవ్వలాంటి పొడి గానీ ఉందేమో చూడండి. ఉంటే నక్కను పాత నూలు గుడ్డలో చుట్టి, మందపాటి పాలిథిన్ కవర్లో పెట్టి, గాలి తీసేసి, టేపు వేసి డీప్ ఫ్రీజర్లో పెట్టాలి. మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు. ఒక రోజంతా అలా వదిలేస్తే చెమట కవరు బయట పడుతుంది. ముందే విప్పితే చెమ్మ బొచ్చులోకి పోతుంది. గుడ్లు, పురుగులు అన్నీ చస్తాయి, మందు అవసరం లేదు. కలరా ఉండలు ఇక వద్దు. అవి బొచ్చుకు తగిలి ఉంటే ఆ వాసన ఏళ్ల తరబడి వదలదు, మనుషులకూ మంచిది కాదు.

ఆ తర్వాత గాలి ఆడే చోట పెట్టాలి. మేం కెనడాలో ఎండాకాలం వస్తే కోట్లన్నీ చల్లటి గదుల్లో దాచేవాళ్లం. 10 డిగ్రీల దగ్గర చలి, గాలిలో తేమ సగానికి సగం. మన విజయనగరంలో అది కుదరదు కాబట్టి ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, పొడిగా ఉండే గది చూడండి. ప్లాస్టిక్ వద్దు, ఉతికి గంజి లేకుండా ఆరేసిన తెల్ల నూలు గుడ్డ చాలు. వానాకాలంలో నెలకోసారి తీసి చూడండి.

చెవి వెనక బొచ్చు లేని చోట ఏమీ అంటించకండి. లైనింగు మాత్రం సన్నటి సూదితో సిల్కును సిల్కుకే కుట్టండి, సూది తోలులోకి దిగకూడదు. పాత తోలుకు పడిన ప్రతి రంధ్రం నుంచి చిరుగు మొదలవుతుంది. తోలు వైపు బాగా నలిగి ఉంటే కుట్టకుండా వదిలేయడమే మంచిది.

ఒక పరీక్ష చెప్పి ఆపుతాను. భూతద్దం పెట్టి ఆ తెల్ల వెంట్రుకల మొదళ్లు చూడండి. ఒక్కో వెంట్రుక మధ్యలో తెలుపు, కొస నలుపుగా ఉందా? లేక పూర్తి తెల్ల వెంట్రుక వేరుగా ఉండి, మొదట్లో జిగురు బొట్టు ఉందా? ఏది కనిపించిందో రాయండి. ఎందుకు అడిగానో అప్పుడు చెబుతాను.

నాగావళి (శ్రీకాకుళం)

మాస్టారూ, మీ పోస్టు మా ఆయనకు కూడా చదివి వినిపించాను. బొచ్చు అంటే చలి దేశాల వ్యవహారం అనుకుంటాం కానీ మన ఇళ్లలో లేదా? గుళ్లో దేవుడికి వేసే వింజామర చమరీ మృగం తోక. మా తాతగారు జపానికి కూర్చునే కృష్ణాజినం మా అటక మీద ఇంకా ఉంది. మా అన్నయ్య ఒడుగు రోజున జంధ్యానికి జింక తోలు ముక్క కట్టారు, అది కూడా దాంట్లోంచి కోసిందేనని అమ్మ చెప్పింది. దానికి కూడా వెంట్రుక రాలిపోతోంది. మీరు చెప్పిన ఫ్రీజర్ పద్ధతి దానికి పనికొస్తుందా? ఇంకో భయం కూడా ఉంది. జింక తోలు ఇంట్లో ఉంటే కేసు అని ఎవరో అన్నారు.

అయ్యకోనేరు అప్పా, నక్కను చుట్టడానికి మా పొందూరు ఖద్దరు ముక్క పంపమంటే పంపుతాను. ఆ ఖద్దరులో కూడా ఒక జంతువు చెయ్యి ఉంది, తెలుసా? మా వైపు నూలు వడికే ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లు తీసినంత శుభ్రంగా ఇంకేదీ తీయదంటారు.

పలాస కుర్రాడు

అందరూ పెద్దవాళ్లు, తప్పుగా అనుకోకండి. మా ఉద్దానంలో ఎలుగుబంట్లు తోటల్లోకి వస్తాయి, మనుషుల మీద పడతాయి. మా మామయ్యకు భుజం మీద ఆ గోళ్ల మచ్చ ఉంది. అయినా మేం వాటిని చంపాలని కోరుకోం. చిన్నప్పుడు నా మెడలో ఎలుగు వెంట్రుక తాయెత్తు కట్టారు, భయం పోతుందని. పెద్దయ్యాక ఆ వెంట్రుక ఎలా తెస్తారో తెలిసి తీసేశాను. ముక్కుకు తాడు గుచ్చి, దాన్ని ఊరూరా తిప్పి, డబ్బులకు ఒక్కో వెంట్రుక పీకేవారు.

ఇక్కడ అంతా కుట్టు ఎంత బాగుంది, రంగు ఎంత బాగుంది అని మాట్లాడుతున్నారు. మెడ మీద అందం కోసం ఒక ప్రాణిని తలతో సహా వేసుకోవడం నాకు చూడబుద్ధి కాలేదు. అలాంటిది దాచుకోవడం ఎందుకు? మట్టిలో పూడ్చిపెట్టడం మర్యాద కాదా? మాస్టారు 21 ఏళ్లు ఆ పని చేశారు కదా, ఆయనకేమీ అనిపించలేదా?

దాసన్నపేట దర్జీ

బాబూ, అడిగినందుకు నాకు కోపం లేదు. అనిపించింది. 2007లో నేను ఆ పని మానేయడానికి మోకాళ్ల నొప్పి ఒక కారణం, నువ్వు అడిగింది రెండో కారణం. నేను వెళ్లిన కొత్తలో తోళ్లు కట్టలు కట్టలుగా వచ్చేవి, నాకు అవి గుడ్డ తానుల్లాగే కనిపించేవి. తర్వాత ఒకసారి మా యజమాని మమ్మల్ని మింక్ పెంచే చోటికి తీసుకెళ్లాడు. వరసలు వరసలుగా వైరు బోనులు. ఒక జంతువు బోను ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఇటు, గడియారం లోలకంలా తిరుగుతూనే ఉంది. మేం అక్కడ ఉన్న గంటసేపూ అది ఆగలేదు. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

నాకు తెలిసింది చెబుతాను. బొచ్చు మొదట చలికే. 19వ శతాబ్దం చివరి దాకా యూరప్‌లో కోటుకు బొచ్చు ఎక్కువగా లోపలి వైపే వేసేవారు, ఎందుకంటే ఒంటికి ఆనితేనే వెచ్చన. దాన్ని తిప్పి బయటికి చూపించడం మొదలయ్యాకే అది డబ్బును చూపించే వస్తువైంది. దర్జాకు వాడటం మాత్రం అంతకంటే పాతదే. ఇంగ్లాండులో 14వ శతాబ్దంలోనే ఎవరు ఏ బొచ్చు తొడగాలో చట్టం చేశారు. మన పాత క్యాలెండర్లలో ఇంగ్లాండు రాజు బొమ్మ చూసి ఉంటారు, తెల్ల బొచ్చు మీద నల్ల చుక్కలు ఉంటాయి. అది ఎర్మిన్. చలికాలంలో తెల్లబడే, ముంగిసలాంటి ఒక చిన్న జంతువు. ఒక్కో నల్ల చుక్క ఒక్కో తోక కొస. చుక్కలు లెక్కపెడితే ఎన్ని ప్రాణాలో తెలుస్తుంది.

కెనడాకు తెల్లవాళ్లు ఎగబడ్డదే బొచ్చు కోసం. 1670లో హడ్సన్స్ బే కంపెనీ పుట్టింది బీవర్ అనే నీటి జంతువు తోళ్ల వ్యాపారానికి. బీవర్ అడుగు బొచ్చుకు ఒకదానికొకటి పట్టుకునే గుణం ఉంది, దాన్ని ఒత్తి టోపీలు చేసేవారు. ఆ పనిలో పాదరసం వాడేవారు, దానితో టోపీ పనివాళ్ల చేతులు వణికి, మతి చెడేది. టోపీ తొడిగినవాడికి ఏమీ కాలేదు, చేసినవాడు పోయాడు. పనివాడిగా నాకు ఆ కథ అన్నిటికన్నా గట్టిగా తగిలింది.

నీ మాట గెలుస్తున్న కాలం ఇది. 1962లో అమెరికా అధ్యక్షుడి భార్య జాక్వెలిన్ కెన్నెడీ చిరుతపులి తోలు కోటు వేసుకుంటే అందరికీ అలాంటిదే కావాల్సి వచ్చింది. దాన్ని డిజైన్ చేసిన ఒలెగ్ కాసినీ ఆ కోటు వల్ల జరిగిన నష్టానికి తర్వాత బాధపడ్డాడు. 1973లో దేశాలన్నీ కూర్చుని అరుదైన జంతువుల వ్యాపారం మీద ఒప్పందం రాసుకున్నాయి, 1976లో మన దేశం అందులో చేరింది. బ్రిటన్ 2000లో బొచ్చు కోసం జంతువుల్ని పెంచడం నిషేధిస్తూ చట్టం చేసింది. 2017 జనవరిలో మన దేశం మింక్, నక్క, చించిల్లా (ఎలుక జాతి జంతువు) తోళ్ల దిగుమతి ఆపేసింది. అదే ఏడాది గుచ్చి అనే పెద్ద ఫ్యాషన్ కంపెనీ ఇక బొచ్చు వాడనంది. 2020లో డెన్మార్క్‌లో కరోనా భయంతో కోటిన్నరకు పైగా మింక్‌లను చంపేశారు. ఆ వార్త చూసి నేను మా ఆవిడకు ఫోను చేసి చెప్పాను, ఆ పని మానేసి మంచి పని చేశానని.

అయినా ఆ అమ్మాయి నక్కను పూడ్చిపెట్టమని నేను చెప్పను. ఆ నక్క చచ్చి 80 ఏళ్లు దాటి ఉంటుంది. దాచుకుంటే ఇంకో నక్క చావదు. ఆయా మనవరాలి దగ్గర ఆయా బతుకు గుర్తు ఇంకేముంది? నీ తాయెత్తు నువ్వు తీసేయడం మాత్రం సరైన పని.

ఇక చట్టం. నాగావళి గారూ, కృష్ణాజినం అంటే కృష్ణ జింక తోలు. అది మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, పులి, చిరుతలతో సమానం. అలాంటివి ఇంట్లో ఉండాలంటే యాజమాన్య ధృవపత్రం ఉండాలి. 2003లో ప్రభుత్వం 180 రోజులు గడువిచ్చి, దాచినవి ఉంటే చెప్పమంది. మీ తాతగారు అప్పుడు గానీ, అంతకు ముందు గానీ రాయించారేమో పాత కాగితాల్లో వెతకండి. లేకపోతే లాయరును కలిసి, అటవీ శాఖ డివిజన్ ఆఫీసులో మీరే వెళ్లి చెప్పడం మంచిది. అమ్మకండి, ఇవ్వకండి, ముక్క కోయకండి. ఫ్రీజర్ మాట తర్వాత, ముందు కాగితం.

అయ్యకోనేరు అమ్మా, మీకూ అదే మాట. మన చట్టం కాపాడే జంతువుల్లో ఎర్ర నక్క కూడా ఉంది, సిల్వర్ ఫాక్స్ దాని రంగే కదా. మీది కెనడా నుంచి వచ్చిందని మీకు తెలుసు, ఆన్‌లైన్‌లో ఫొటో చూసిన అధికారికి తెలియదు. అమ్మకానికి అసలు పెట్టొద్దు. మీ ఆడపడుచుకు ఈ పోస్టు చూపించండి. దొరసాని గారి ఉత్తరం గానీ, ఫొటో గానీ దొరికితే నక్కతో పాటు ఒకే చోట ఉంచి, మీరు కూడా ఒకసారి ఆ ఆఫీసులో అడిగి రండి.

అయ్యకోనేరు గట్టు (విజయనగరం)

అందరికీ పేరుపేరునా దండాలు. పలాస తమ్ముడూ, నీ పోస్టు చదివి నాకు కోపం రాలేదు. నేను కూడా చిన్నప్పుడు ఆ గాజు కళ్లు చూసి ఏడ్చేదాన్నని అమ్మ చెప్పింది.

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. తోలు కడుపు దగ్గర మెత్తగా వంగింది. మెడ దగ్గర, కాళ్ల దగ్గర మాత్రం అప్పడమే. గూళ్లు ఐదారు కనిపించాయి. ఫ్రీజర్లో ఉన్న మామిడి తాండ్ర, చేపలు పక్కింటికి పంపి నక్కను పెట్టాను. ఇవాళ్టికి నాలుగో రోజు.

ఫ్రీజర్లో పెట్టే ముందు భూతద్దంతో చూశాను. మా అమ్మాయి టార్చి పట్టుకుంది. తెల్ల వెంట్రుకలు మొత్తం తెల్లగానే ఉన్నాయి, గరుకుగా ఉన్నాయి, నల్లవాటికంటే లావు. రెండు మూడు వెంట్రుకల మొదట్లో పసుపు రంగులో చిన్న బొట్టు ఉంది. మీరు చెప్పిన జిగురు అదేనా? చెవి వెనక బొచ్చు ఊడిన చోట అడుగు వెంట్రుక గోధుమ ఎరుపులో ఉంది, నలుపు కాదు.

తోక కొస దగ్గర ఒక పక్క బొచ్చు నేలకు అణిగి, అరిగిపోయి ఉంది. నా అరచేతి వెడల్పు. మొదట పురుగు అనుకున్నాను. కాదు. అది మా పాదాలు పడిన చోటు.

దొరసాని గారి ఊరు ఎవరికీ తెలియదు. కానీ మామయ్య వాళ్లింట్లో ఒక ఫొటో దొరికింది. అమ్మమ్మ, ఆవిడ, వెనక వేపచెట్టు. ఆవిడ ఒంటి మీద తెల్ల చీర ఉంది, నక్క లేదు.

దాసన్నపేట దర్జీ

అమ్మా, అది జిగురే. ఎరుపు అడుగు బొచ్చు చూశాక ఇక అనుమానం లేదు. మీది సిల్వర్ ఫాక్స్ కాదు. మామూలు ఎర్ర నక్కకు నల్ల రంగు వేసి, బ్యాడ్జర్ అనే జంతువు తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటీ జిగురుతో అతికించారు. వ్యాపారంలో దాన్ని పాయింటెడ్ ఫాక్స్ అనేవారు. అసలు సిల్వర్ ఫాక్స్ కొనలేని ఆడవాళ్లు అది కొనుక్కునేవారు. ఆ రోజుల్లో ఇలాంటివి చాలా నడిచేవి. సీల్ అనే సముద్ర జంతువు తోలులా అనిపించాలని, కుందేలు తోలుకు రంగేసి సీలైన్ అనేవారు, నీటి ఎలుక తోలును హడ్సన్ సీల్ అనేవారు. 1951లో అమెరికా చట్టం చేసి, అసలు జంతువు పేరు, పుట్టిన దేశం లేబుల్ మీద రాయాలన్నాకే ఆ పేర్లాట తగ్గింది.

తక్కువ సరుకు అనుకోకండి. వెంట్రుక వెంట్రుకా చేత్తో అతికించాలి, అదంతా కూర్చుని కళ్లు పోగొట్టుకునే పని. ఎక్కువగా ఆడకూలీలే చేసేవారు. నేను స్పడైనాలో ఉన్నప్పుడు మా వర్క్‌షాపులో ఒక ముసలావిడ ఉండేది. ఆవిడ చిన్నప్పుడు ఆ పని చేశానని చెప్పేది, కుడి చేతి రెండు వేళ్లు పట్టకారు పట్టినట్టు వంగిపోయి ఉండేవి.

మీ దొరసాని గారు నర్సు. నర్సు జీతానికి వచ్చేది అదే. తనకు ఉన్న ఒక్క మంచి వస్తువు మీ అమ్మమ్మకు ఇచ్చారు.

జిగురు పాతది కాబట్టి దువ్వెన వేయొద్దు, గట్టి బ్రష్ కూడా వద్దు. ఫ్రీజర్ నుంచి తీశాక పెయింటింగ్ బ్రష్, మెత్తనిది, వెంట్రుక వాలిన వైపుకే ఒకటి రెండు సార్లు. రెండు వారాలు పూర్తయ్యాక ఒక రోజు ఆగి విప్పండి. మెడ మళ్లీ మడవకండి. పొడవుగా పరిచి, మెడ కింద చుట్టిన నూలు గుడ్డ పెట్టి, చాపలా పడుకోబెట్టండి. క్లిప్పు తోకను పట్టుకుని ఉండకూడదు, వదిలేయండి. ఆ స్ప్రింగు ఇన్నేళ్లుగా తోకను కొరుకుతూనే ఉంది.

తోక అరిగిన చోట ఏమీ చేయకండి. అక్కడ బాగు చేయాల్సింది ఏమీ లేదు.

నాగావళి (శ్రీకాకుళం)

అప్పా, ఖద్దరు రెండున్నర గజాలు తీసి ఉతికి పెట్టాను. మా ఆయన సోమవారం విజయనగరం వస్తున్నారు, మూడు లాంతర్ల దగ్గర ఎక్కడ ఇవ్వమంటారో నాకు విడిగా మెసేజ్ పెట్టండి. మాస్టారూ, తాతగారి ట్రంకులో 1974 నాటి ఒక కాగితం దొరికింది, అటవీ శాఖ ముద్ర ఉంది. రేపు లాయరుకు చూపిస్తాం.

పలాస కుర్రాడు

మాస్టారూ, మీరు ఆ బోను గురించి రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. అప్పా, పూడ్చమన్నందుకు క్షమించండి. ఆ పాదాల గుర్తు సంగతి నాకు తెలియదు.

అయ్యకోనేరు గట్టు (విజయనగరం)

క్షమించడానికి ఏముంది తమ్ముడూ. నువ్వు అడగబట్టే మాస్టారు అంత రాశారు.

మాస్టారూ, చివరగా ఒకటి. మార్చిలో పాప పరీక్ష. ఇంక ఆ తోక మీద కాలు వేయనివ్వను. గ్లౌజు వేసుకుని ఒక్కసారి చేత్తో తాకనిస్తే ఏమైనా అవుతుందా?

దాసన్నపేట దర్జీ

ఏమీ కాదమ్మా. తాకనివ్వండి. కొస తెలుపు దగ్గర కాదు, అరిగిన చోటే తాకమనండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని పరీక్షకు వెళ్లమనండి. మార్కులు వచ్చాక ఇక్కడ చెప్పడం మర్చిపోకండి.